హైదరాబాదు క్లోరోఫారము వైద్యుఁడు: ఎడ్వర్డు లారీగారి చరిత్రము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములయందు ముక్కుదిబ్బడతోను, నొసటి నొప్పితోను ఏండ్ల తరబడి బాధపడి, మందులవలన గుణము కానరాక, తుదకు శస్త్రచికిత్సకు సమ్మతించిన రోగి వైద్యుని తప్పక యడుగు ప్రశ్న యొకటి కలదు. కోయునప్పుడు తనకుఁ దెలివి యుండునా, యుండదా యన్నదే యా ప్రశ్న. కనుబొమల వెనుకను, చెంపయెముకల లోపలను, ముక్కుదూలమున కిరుప్రక్కలను చిన్న చిన్న గాలిగూళ్లు కలవు. వీనినే వైద్యులు సైనసు లందురు. వీని ద్వారములు మూసికొనిపోయి లోపల చీము నిలిచినప్పుడు ఆ ద్వారములను తెఱచుటయే యీ చికిత్స. దీనికి రెండు మార్గములు. ముక్కులోని పొరకు మాత్రము స్పర్శ తెలియకుండఁ జేయుట స్థానికపు మత్తు. మనుష్యుని సంపూర్ణముగా నిద్రలో ముంచుట రెండవది. ఏది క్షేమము? ఏ మత్తువలన నెవరికి హాని?

ఈ ప్రశ్న చిన్నదిగాఁ దోఁచును గాని, దీనిలో నొక భాగమునకు సమాధానము వెదకుచు, నూటముప్పది సంవత్సరములకుఁ బూర్వము ఐరోపాఖండములోని వైద్యులు హైదరాబాదు నగరమువైపు చూచిరి. నాఁడు సూర్యాపేటయు, మిర్యాలగూడయు నిజాము రాజ్యమందలి నల్లగొండ జిల్లాలోనివి. మచిలీబందరునుండి హైదరాబాదునకుఁ బోవు బాట సూర్యాపేట మీఁదుగానే పోయెడిది. ఆ బాటచివర నున్న రాజధానిలో, పదునాఱేండ్లు శస్త్రవైద్యము చేసి, ఊపిరియే ప్రధానము, గుండెను చూడ నక్కఱలేదని లోకముతో వాదించిన వారు ఎడ్వర్డు లారీగారు. వారి జీవితము విద్యార్థులు తెలిసికొనఁదగినది. వారు గొప్పవారగుట యొక కారణము. వారు చేసిన పని మంచిదై, చెప్పిన కారణము తప్పగుట మఱియొక కారణము. ఈ రెండవదే నాకు ముఖ్యముగాఁ దోఁచుచున్నది.

లారీగారు 1846 సంవత్సరమున జన్మించిరి. ఆ సంవత్సరముననే అమెరికాదేశమందలి బోస్టను నగరములో మార్టను అను దంతవైద్యుఁడు ఈథరు ఆవిరిని పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరుగఁగలదని అక్టోబరు 16వ తేదీన పెద్దల యెదుట నిరూపించెను. దానికిఁ బూర్వము శస్త్రచికిత్స యనఁగా నలుగురు బలిష్ఠులు రోగిని పట్టుకొనుట, వైద్యుఁడు గడియారము చూచుకొని వేగముగాఁ గోయుట. మరుసటి సంవత్సరము, 1847 నవంబరు నెలలో, ఎడింబరో నగరమున సింప్సను అను వైద్యుఁడు ఈథరుకంటె సులభముగా వాడఁదగిన క్లోరోఫారమును ప్రయోగించెను. ఇది తీయని వాసన గల ద్రవము. చేతిగుడ్డపై కొన్ని చుక్కలు వేసి ముక్కునొద్ద నుంచినఁ జాలును.

లోకమంతయు సంతోషించుచున్న సమయమున, మూఁడు నెలలైనను గడువకమునుపే, 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిలు పట్టణమున కనతిదూరమున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక మరణించెను. ఆమెకుఁ జేయవలసిన చికిత్స కాలివ్రేలి గోరు తీయుట మాత్రమే. రెండు మూఁడు నిమిషములలో ప్రాణము పోయినది. క్లోరోఫారమువలనఁ గలిగినట్లు నమోదైన మొదటి మరణ మిదియే. తరువాత నట్టివి తఱచుగా వినఁబడఁజొచ్చెను. వింత యేమనఁగా, కాలు తీసివేయుట వంటి ఘోరచికిత్సలలోకంటె, పన్ను పెఱుకుట, గోరు తీయుట వంటి యల్పకార్యములలోనే, అదియు మత్తు సరిగా నెక్కకమునుపే, కొందఱు హఠాత్తుగాఁ జనిపోవుచుండిరి. దీనికిఁ గారణము అఱువదేండ్లవఱకు నెవరికిని తెలియలేదు.

తెలియనిచోట పక్షము లేర్పడును గదా. లండను వైద్యులలో ననేకులు క్లోరోఫారము గుండెను స్తంభింపఁజేయుననియు, కాఁబట్టి నాడిపై వ్రేలుంచి యుండవలెననియుఁ జెప్పిరి. ఎడింబరో వైద్యు లట్లు కాదనిరి. వారిలో సైము అను శస్త్రవైద్యశిఖామణి తన శిష్యులకు ఊపిరిని మాత్రమే కనిపెట్టుఁడని బోధించెను. నాడిని చూచుచుఁ గూర్చున్నవాని చూపు ఊపిరిమీఁద నుండదనియు, నాడి తప్పువఱకు నాఁగినచోఁ జేయవలసిన సమయము మించిపోవుననియు నతని యభిప్రాయము. ఆ సైమునొద్దనే లారీగారు ఎడింబరోలో విద్యార్థిగాను, సహాయవైద్యులుగాను పనిచేసిరి. గురువు చెప్పిన మాట వారి మనస్సులో శిలాక్షరమై నిలిచెను. పిదప హిందూదేశపు సైనికవైద్యశాఖలోఁ బ్రవేశించి, ఉత్తరదేశమునఁ గొంతకాలము పనిచేసి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యులుగా నియమింపఁబడిరి.

హైదరాబాదు వైద్యపాఠశాల 1846లో స్థాపింపఁబడినది. అనఁగా నది లారీగారితో సమవయస్కురాలు! నేఁటి ఉస్మానియా వైద్యకళాశాలకు నదియే మూలము. లారీగారు దానికధిపతులై బోధనమును ఆంగ్లభాషలోనికి మార్చిరి. స్త్రీలను గూడఁ జేర్చుకొనిరి. అట్లు చేరినవారిలో పార్శీ కులమునకుఁ జెందిన రూపాబాయి ఫర్దూన్జీ యొకతె. ఆమె 1889లో పరీక్షయం దుత్తీర్ణురాలై, నగరమందలి యాసుపత్రులలో రోగులకు క్లోరోఫారము నిచ్చు పనిలో నాఱితేఱెను. మత్తు నిచ్చుటయే వృత్తిగా స్వీకరించిన స్త్రీలలో లోకమందే మొట్టమొదటి వారిలో నామె యొకతెగాఁ బేర్కొనఁబడుచున్నది. ఐరోపాలోనే వైద్యపాఠశాలలు అనేకము స్త్రీలకుఁ దలుపులు మూసియుండిన దినములలో హైదరాబాదున నిట్లు జరిగెనని మన బాలికలు గుర్తుంచుకొందురు గాక.

ఈథరునకు బదులు క్లోరోఫారమునే యేల వాడిరని కొంద ఱడుగవచ్చును. ఈథరు సుమారు 35 డిగ్రీల వేఁడిమికే మరగి యావిరియగును. మన ప్రాంతమున ఏప్రిలు, మే నెలలలో గదిలోని గాలియే అంతకు మించిన వేఁడి గలది. సీసా తెఱచినంతనే సగము గాలిలోఁ గలిసిపోవును. పైఁగా నది దీపమునొద్ద భగ్గున మండును. క్లోరోఫారము 61 డిగ్రీలవఱకు మరుగదు, మంటకు నంటుకొనదు. కావున ఉష్ణదేశపు వైద్యునకుఁ బాదరసమును, దూదియు నెట్లో, క్లోరోఫారము నట్లే యనివార్యమైనది. దానిని విడుచుటకు వీలులేదు. దానివలన జనులు చచ్చుచుండిరన్న భయమును విడుచుటకును వీలులేదు. లారీగారి పట్టుదలకుఁ గారణ మిది.

వారి పద్ధతి మిక్కిలి సులభము. గుడ్డతోఁ జేసిన గరాటువంటి టోపిలో దూది పెట్టి, దానిమీఁద క్లోరోఫారము పోసి, గాలి కలియునట్లు ముక్కుకు నోటికి నడ్డముగా నుంచుదురు. రోగి మెడచుట్టును, ఱొమ్ముమీఁదను బిగువైన బట్ట యుండరాదు. మత్తు నిచ్చువాఁడు శస్త్రచికిత్సవైపు కన్నెత్తి చూడరాదు. నాడి ముట్టరాదు. ఊపిరి క్రమముగా నాడుచున్నదా, రోగి ఊపిరి బిగఁబట్టుచున్నాఁడా, గురక వచ్చుచున్నదా, ఇదియే యతని సర్వప్రపంచము. కంటిపొర ముట్టినను ఱెప్ప యల్లాడనంత మత్తు సంపూర్ణముగా నెక్కినపిమ్మటనే కత్తి పట్టవలెను. అటుపిమ్మట నా మత్తును సమముగా నిలుపవలెను. ఈ విధముగా లారీగారును, వారి శిష్యులును అనేక సహస్రముల రోగులకు మత్తు నిచ్చిరి. ఇంగ్లండులో పత్రికలు క్లోరోఫారము మరణములను ప్రకటించుచుండఁగా హైదరాబాదులో నట్టి మరణములు లేవని వారు గర్వముతోఁ జెప్పుకొనుచుండిరి.

అనుభవము చాలదు, పరీక్ష కావలెనని వారు 1888లో నొక సంఘము నేర్పఱచిరి. దానికి వైద్యులు హెహిరుగారు అధ్యక్షులు. నూటికిఁ బైగా వీధికుక్కలకుఁ బ్రాణము పోవునంత క్లోరోఫారము నిచ్చి చూచిరి. ప్రతిసారియు ఊపిరి ముందుగా నిలిచినది. గుండె కొంతసేపు కొట్టుకొని పిమ్మట నిలిచినది. 1889 జనవరిలో కానాటు ప్రభువు దంపతులు హైదరాబాదునకు వచ్చినప్పుడు, వైద్యపాఠశాల బహుమానసభలో లారీగారు ఈ ఫలితమును లోకమునకుఁ జాటిరి. లండనులోని లాన్సెట్టు అను వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. కుక్కలకు సరియైనది మనుష్యులకు సరికాకపోవచ్చుననియు, పరీక్షలు చేసిన తీరు చాలదనియు దాని యాక్షేపణ.

ఇచ్చట నిజాము మీర్ మహబూబు అలీఖాను ప్రభువు ప్రవేశించిరి. వారికప్పుడు ఇరువదిమూఁడేండ్లు. లాన్సెట్టు పత్రిక తనకు నమ్మకమైన పండితుని హైదరాబాదునకుఁ బంపినచో నందుకు వేయి పౌనులు వ్యయము తాము భరింతుమని వారు తెలిపిరి. సంశయించినవానిని దన ఖర్చుతోఁ బిలిపించి, నీవే చూడుమనుట సామాన్యమైన ధైర్యము కాదు. పత్రికవారు సర్ బిరుదము నింకను బొందని లాడరు బ్రంటను పండితుని బంపిరి. ఔషధములు గుండెపైఁ జేయు పనిని గూర్చి యాతనికన్న నెఱిఁగినవారు ఇంగ్లండులో నరుదు. గుండెనొప్పికి ఎమిలు నైట్రైటు అను మందును గనుఁగొన్నవాఁ డతఁడే. క్లోరోఫారము గుండెను జంపునని నమ్మియే యతఁడు ఓడ యెక్కెను.

రెండవ సంఘము 1889 అక్టోబరు చివర పని మొదలుపెట్టి డిసెంబరు నడిమివఱకు సాగించెను. లారీగారు అధ్యక్షులు. బ్రంటను, బాంఫర్డు, రుస్తుంజీ హకీము సభ్యులు. కుక్కలు, కోఁతులు, గుఱ్ఱములు, మేఁకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి నాలుగువందలకు మించిన జంతువులపై పరీక్షలు జరిగెను. జంతువు రక్తనాళములో గొట్టము నమర్చి, దాని రక్తపుటొత్తిడిని పొగచూరిన కాగితముపై సన్నని ములుకు గీఁతగా గీయునట్లు చేయుదురు. ఊపిరికి వేఱొక గీఁత. ఏ గీఁత ముందు చదునగునో కన్నులతోఁ జూడవచ్చును. గీఁత లన్నియు ఛాయాచిత్రములుగాఁ దీసి భద్రపఱచిరి. మూఁగజీవముల మీఁద నింత పరీక్ష యవసరమా యని నేఁడు చదువువారికి మనసు కలఁగును. నాకును గలఁగినది. నాఁ డట్టి పనికి నియమము లేవియు హైదరాబాదున లేవు. ఐనను, ఆ కాగితములమీఁది గీఁతలు తరువాత ననేకుల ప్రాణము నిలుపు జ్ఞానమునకు మెట్లయినవని చెప్పక తప్పదు, వారు కోరిన విధమున మాత్రము కాదు.

ఫలితము మొదటి సంఘము చెప్పినదే. ఊపిరి ముందు ఆఁగును, గుండె తరువాత నాఁగును. బ్రంటను పండితుఁడు తన పూర్వాభిప్రాయమును మార్చుకొని, ఆ మాటను లండనునకుఁ దంతివార్తగాఁ బంపెను. వృత్తాంతము 1890లో లాన్సెట్టులోఁ బ్రకటింపఁబడెను. 1891లో బొంబాయిలో గ్రంథముగా నచ్చయినది. హైదరాబాదు పేరు ప్రపంచమందలి ప్రతి వైద్యపాఠశాలలోను వినఁబడెను.

కాని వివాద మంతటితోఁ దీఱలేదు. 1893లో కేంబ్రిడ్జి పండితులు గాస్కెలు, షోరు అనువారు వేఱు పరీక్షలు చేసి, క్లోరోఫారము గుండెను స్వయముగానే బలహీనపఱచునని చూపిరి. ఇంగ్లండులో మరణములును నిలువలేదు. లారీగారు మాత్రము చలింపలేదు. అట్టి మరణములు క్లోరోఫారము తప్పు కాదనియు, ఇచ్చినవాని యజాగ్రత్త యనియు వారు వ్రాయుచుఁ బోయిరి. వారికి సందేహ మనునది తెలియదేమో యనిపించును. ఇందులకు మఱియొక నిదర్శనము గలదు. మలేరియా జ్వరమునకు రక్తములోని సూక్ష్మజీవి కారణమని లావెరాను అను ఫ్రెంచి పండితుఁడు చెప్పఁగా, లారీగారు అట్టి జీవియే లేదని వాదించిరి. వారు హైదరాబాదులో నుండఁగనే, ప్రక్కనున్న సికిందరాబాదులో 1897 ఆగష్టు 20వ తేదీన రోనాల్డు రాసు ఆ జీవిని దోమ కడుపులోఁ గనుఁగొని, 1902లో నోబెలు బహుమానమునకుఁ బాత్రుఁడయ్యెను. కూఁతవేటు దూరమున వెలుఁగు పుట్టినను, నిశ్చయము దృఢమైనవానికి నది కనఁబడదు.

ఇఁక రెండవ మార్గమగు స్థానికపు మత్తు సంగతి. లారీగారు హైదరాబాదునకు వచ్చుటకు ముందటి సంవత్సరమే, 1884లో, వియన్నా నగరమున కార్లు కోలరు అను ఇరువదియాఱేండ్ల యువవైద్యుఁడు కోకెయిను ద్రావకమును కంటిలో వేసినచో కంటికి స్పర్శ తెలియదని కనుఁగొనెను. కొన్ని నెలలలోనే గొంతునకు, ముక్కునకు నది వ్యాపించెను. ముక్కుచికిత్సకు నది దేవుఁ డిచ్చిన వరమువలె నుండెను. ఏలయనఁగా, కోకెయిను నొప్పిని పోఁగొట్టుటయే గాక సన్నని రక్తనాళములను ముడుచుకొనఁజేయును. ముక్కులోని పొర రక్తముతో నిండిన దూదివంటిది. చిన్న గాటు పడినను రక్తము చిమ్మి వైద్యునికి దారి కానరాదు. చెంపయెముకలోని సైనసును పైదౌడ చిగురుద్వారమునఁ దెఱచు పద్ధతిని 1893లో న్యూయార్కున కాల్డ్వెలును, 1897లో ప్యారిసున లూకును బయలుపఱచిరి. ఇదంతయు లారీగారు హైదరాబాదులో గరాటు టోపి పట్టించుచున్న కాలమే.

కోకెయినునకును విషము లేకపోలేదు. మోతాదు మించినచో మూర్ఛ వచ్చును. అలవాటైన విడువదు. న్యూయార్కున దానిని తనపైఁ బరీక్షించుకొన్న హాల్స్టెడు అను శస్త్రవైద్యుఁడు దానికి బానిసయై బహుకష్టములు పడెను. జర్మనీలో 1905 ప్రాంతమున నోవొకెయినును, స్వీడనులో 1943లో లిగ్నొకెయినును గనుఁగొనఁబడినపిదప నీ భయము చాలవఱకు తగ్గెను. నేఁడు మన పట్టణములలో దంతవైద్యులు సూదితో నిచ్చు మందు చాలవఱకు నీ చివరిదే.

లారీగారు 1901లో పదవి విరమించి స్వదేశమునకుఁ బోయిరి. వారు పనిచేసిన అఫ్జల్‌గంజి ఆసుపత్రి 1908 సెప్టెంబరు మూసీవరదలో కొట్టుకొనిపోయెను. వారి సిద్ధాంతమునకును అట్టి వరద రానే వచ్చెను. అది ముక్కుచికిత్సకు సంబంధించిన త్రోవనే వచ్చుట నా కాశ్చర్యము గొల్పుచున్నది.

1901లో జపానుదేశీయుఁడు తకమీనె అమెరికాలో మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి అడ్రినలిను అను పదార్థమును శుద్ధముగాఁ దీసెను. రక్తనాళములను ముడుచుటలో దీనికి సాటి లేదు. ముక్కువైద్యులు దానిని వెంటనే చేపట్టిరి. అటుపిమ్మట కొందఱు రోగులకు క్లోరోఫారము నిచ్చియు, ముక్కుపొరలోనికి అడ్రినలినును సూదితో నెక్కించియుఁ జికిత్స చేయసాగిరి. ఇందు రెండు చిక్కులు గలవు. ముక్కును కోయునప్పుడు టోపిని ముక్కుపై నుంచుటకు వీలులేదు. కొంచెము సేపు మత్తు పీల్పించుట, టోపి తీసి కోయుట, మరల పీల్పించుట. కావున మత్తు ఎప్పుడును తేలికగానే యుండును. దానిపై అడ్రినలిను. అట్టి సమయములం దారోగ్యవంతులే నిమిషములో మరణించుట జరిగెను.

1911లో గుడ్‌మను లెవీ అను ఇంగ్లీషు వైద్యుఁడు పిల్లులపైఁ బరీక్షించి దీని రహస్యమును విప్పెను. క్లోరోఫారము గాఢముగా నున్నప్పుడు గాక, తేలికగా నున్నప్పుడే గుండె మిక్కిలి యపాయస్థితిలో నుండును. అప్పుడు అడ్రినలిను తగిలినచో గుండెకండ క్రమముగా కొట్టుకొనుట మాని, పురుగులపుట్టవలె అదరును. రక్త మొక చుక్కయైనను ముందునకుఁ బోదు. క్షణములో ప్రాణము పోవును. సూదిమందే యక్కఱలేదు. భయపడిన మనుష్యుని శరీరమే అడ్రినలినును రక్తములోనికి విడుచును. మంచముపై వణఁకుచున్న హన్నా గ్రీనరు వంటి వారి గతి యేమో యిప్పుడు మనము ఊహింపవచ్చును. గోరు తీయుటకుఁ బన్ను పెఱుకుటకు జనులేల చచ్చిరో, కాలు కోయుటకేల చావలేదో యన్న చిక్కు విడిపోయెను. అల్పకార్యమని అల్పముగా మత్తు నిచ్చుటయే యక్కడ మృత్యుకారణము.

అట్లైనచో హైదరాబాదు పరీక్షలు అబద్ధములా? కావు. అక్కడ కుక్కలకు క్లోరోఫారమును ప్రాణము పోవువఱకు నెక్కువ చేయుచుఁ బోయిరి. అట్లు చేసిన ఊపిరియే ముందాఁగును. చూచినది నిజమే. చూడవలసినచోటఁ జూడలేదు, అంతే. తేలికమత్తులోని ఆకస్మికమరణము వేఱొక మరణము. దానిని వారు పరీక్షలో సరిగా రప్పింపలేదు, కావున లేదనుకొనిరి. మఱి హైదరాబాదు ఆసుపత్రులలో వేలకొలఁది రోగు లేల క్షేమముగా నుండిరి? ఏలయనఁగా, లారీగారి నియమము ప్రకారము మత్తు సంపూర్ణముగా నెక్కువఱకు కత్తి ముట్టరాదు, ఎక్కినపిమ్మట దానిని తేలికపడనీయరాదు. గుండెకుఁ గల యపాయమును లేదని చెప్పుచునే, తాము తెలియకయే దానినుండి రోగులను కాపాడుచుండిరి. శాస్త్రచరిత్రలో నిట్టి విచిత్రము తఱచుగాఁ గానరాదు.

లెవీ పరీక్షలు వెలువడిన 1911లోనే మహబూబు అలీఖాను ప్రభువు పరలోకగతులైరి. లారీగారు 1915లో మరణించిరి. క్లోరోఫారము మఱికొన్నిపదుల యేండ్లు నిలిచి, 1956లో వాడుకలోనికి వచ్చిన హాలొథేను మొదలైన మందుల రాకతో శస్త్రచికిత్సాగృహమును విడిచెను.

మొదటి ప్రశ్నకు మరల వత్తము. నేఁడు సైనసుచికిత్స చిగురు కోయకుండ ముక్కురంధ్రముగుండ, పెన్సిలుకన్న సన్నని దుర్భిణిగొట్టముతోఁ జేయుదురు. 1980 తరువాత నీ పద్ధతి లోకమంతట వ్యాపించినది. సైనసు గోడ కొన్నిచోట్ల కాగితమువలె పలుచన. దాని కావల కన్ను, మీఁద మెదడు. స్థానికపు మత్తుతోఁ జేసినచో రోగి మేల్కొని యుండును గావున పరికరము కంటిగోడను సమీపించిన నొప్పియని తెలుపఁగలఁడు. రక్తమును తక్కువగాఁ గాఱును. ఇంటికిఁ ద్వరగాఁ బోవచ్చును. ఒకటి రెండు గూళ్లు మాత్రమే తెఱవవలసియున్నచో, రోగి ధైర్యవంతుఁడైనచో నిది చాలును. సంపూర్ణపు మత్తులో రోగి కదలఁడు. శ్వాసనాళములోఁ బెట్టిన గొట్టము ముక్కునుండి జాఱు రక్తము ఊపిరితిత్తులలోనికిఁ బోకుండఁ గాపాడును. చికిత్స దీర్ఘమైనను, అన్ని గూళ్లను తెఱవవలసినను, రోగి బాలుఁడైనను, భయస్థుఁడైనను నిదియే తగినది. పీల్చు మందునకు బదులు రక్తనాళముద్వారా ప్రొపొఫాలు అను మందునిచ్చి నిద్రపుచ్చినచో రక్తస్రావము తగ్గునని అనేక వైద్యులు దాని నాదరించుచున్నారు. అడ్రినలిను రెండు విధములయందును వాడుదురు. నేఁటి మత్తుమందులు క్లోరోఫారమువలె గుండెను దానికి బలియీయవు గాని, మోతాదు మితముగానే యుండవలెను. ఏ మత్తైనను, మత్తువైద్యుని యెదుట నొక తెరపై ఊపిరి గీఁతయు గుండె గీఁతయు నొకదానిక్రింద నొకటి నడచుచుండును.

ఒకప్పు డింతటి చికిత్సకు మన జిల్లావారు హైదరాబాదునకో, విజయవాడకో పోవలసియుండెడిది. 2016లో సూర్యాపేట ప్రత్యేకజిల్లా యయ్యెను. కోదాడ అందుఁ జేరినది, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. 2019లో సూర్యాపేటలోను, నల్లగొండలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. చికిత్సకుఁ బోవు తల్లిదండ్రులు మత్తువైద్యునికిఁ జెప్పవలసినవి కొన్ని కలవు. రక్తపుటొత్తిడి, గుండెజబ్బు, ఉబ్బసము ఉన్నవా, ఆస్పిరిను మొదలైన రక్తము పలుచనచేయు మందులు వాడుచున్నారా, మునుపు మత్తు పుచ్చుకొన్నప్పుడు తమకుఁ గాని రక్తబంధువులకుఁ గాని యేమైనఁ గీడు కలిగెనా యను సంగతులు దాఁచరాదు. మత్తునకుఁ బూర్వము వైద్యుఁడు చెప్పినన్ని గంటలు అన్నము ముట్టరాదు. పిల్లవాఁ డాఁకలి యని యేడ్చుచున్నాఁడని చాటుగా నొక ముద్ద పెట్టు నాయనమ్మలు మన యిండ్లలోఁ గలరు. ఆ ముద్ద మత్తులో గొంతునకు వచ్చి ఊపిరికడ్డుపడును. ఈ విషయమున మాత్రము లారీగారి మాట నేఁటికిని చెల్లుచున్నది.